అవార్డు వచ్చిన పిల్లల పుస్తకాలతో ఏడాది రీడింగ్ ఛాలెంజ్: ఎలా నడపాలి?

అవార్డు పొందిన పిల్లల పుస్తకాలతో ఏటా ఒక రీడింగ్ ఛాలెంజ్ నడుపుతుంటానని తెలిసినప్పటి నుంచి తల్లిదండ్రులు, టీచర్లు, లైబ్రరీల్లో పనిచేసేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఏ అవార్డులు తీసుకోవాలి? ఎన్ని పుస్తకాలు పెట్టాలి? బొమ్మల పుస్తకానికీ మూడు వందల పేజీల నవలకీ ఒకే లెక్కా? మధ్యలో అందరూ మానేస్తే ఏం చేయాలి? ఒక్కొక్కరికీ విడిగా చెబుతుంటే ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే మొత్తం పద్ధతి ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఛాలెంజ్ మధ్యలో ఆగిపోయిందంటే చాలాసార్లు కారణం ఒకటే: మొదలుపెట్టే ముందు రూల్స్ కాగితం మీద రాసుకోకపోవడం. కాబట్టి 2, 3, 4 అంచెల దగ్గర తొందరపడకండి. మిగతావి నడుస్తూ సరిదిద్దుకోవచ్చు.

కావలసినవి

- ఒక స్ప్రెడ్‌షీట్. కంప్యూటర్ లేకపోతే గీతలు గీసిన పెద్ద నోటుబుక్ చాలు.
- మీరు ఎంచుకున్న అవార్డుల జాబితాలు. ఆ అవార్డు ఇచ్చే సంస్థ సొంతంగా ప్రకటించిన జాబితానే తీసుకోండి.
- పాల్గొనే కుటుంబాలతో మాట్లాడటానికి ఒక వాట్సాప్ గ్రూప్ లేదా నోటీసు బోర్డు.
- పుస్తకాలు అరువు తెచ్చుకోవడానికి కనీసం ఒక లైబ్రరీ.
- మీతో పాటు బాధ్యత తీసుకునే ఇంకో మనిషి. ఇది తప్పనిసరి. ఏడాదిలో ఏదో ఒక నెల మీకు కుదరదు, ఆ నెలే ఛాలెంజ్ నీరుగారిపోతుంది.
- సమయం: ముందు సన్నాహానికి రెండు వారాంతాలు, తర్వాత వారానికి ఒక గంట.

1. ఎవరి కోసం, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నది తేల్చుకోండి

పిల్లలు మాత్రమేనా, కుటుంబం అంతా కలిసి ఒక జట్టుగానా? మొదటిసారైతే కుటుంబాన్ని ఒక జట్టుగా తీసుకోండి. పెద్దవాళ్లు కూడా చదువుతుంటే పిల్లలు ఆపరు. పది, పదిహేను కుటుంబాలు చాలు. యాభై మందితో మొదలుపెడితే నమోదు చేయడానికే మీ గంట అయిపోతుంది.

జనవరి 1 నుంచి డిసెంబరు 31 అందరికీ గుర్తుండే గడువు. అయితే అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తన పిల్లల పుస్తకాల అవార్డులను మామూలుగా జనవరి నెలాఖరు ప్రాంతంలో ప్రకటిస్తుంది. ప్రకటించగానే ఆ పుస్తకాలకు గిరాకీ పెరిగి, కొన్ని వారాలు ఎక్కడా దొరకవు. జనవరిలో మొదలుపెట్టిన వాళ్లకు కొత్త విజేతలు అందేసరికి ఉత్సాహం చల్లబడిపోతుంది. నేను ఏప్రిల్ 2న మొదలుపెడతాను. అది అంతర్జాతీయ బాలల పుస్తక దినోత్సవం, పిల్లల కథలు రాసిన డెన్మార్క్ రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పుట్టినరోజు. అప్పటికి కొత్త పుస్తకాలు లైబ్రరీలకు చేరతాయి, మొదటి రోజు ఏం చేయాలన్న వెతుకులాటా ఉండదు. మీది స్కూలైతే విద్యా సంవత్సరం లెక్కే మంచిది.

2. అవార్డులు ఎంచుకోండి: మూడు నుంచి అయిదు, అంతకు మించి వద్దు

అన్నీ ఒకే రకం కాకుండా చూసుకోండి. నేను ఇలా విభజిస్తాను.

- రచన కోసం: అమెరికాలో 1922 నుంచి ఇస్తున్న న్యూబెరీ మెడల్, బ్రిటన్‌లో 1936లో మొదలైన కార్నెగీ మెడల్.
- బొమ్మల కోసం: 1938 నుంచి ఇస్తున్న కాల్డెకాట్ మెడల్. ఇది చిత్రకారులకు ఇచ్చేది. బ్రిటన్‌లో కేట్ గ్రీన్‌అవే పేరుతో ఉన్న చిత్రకళా పతకాన్ని కూడా ఇప్పుడు కార్నెగీ పేరుతోనే ఇస్తున్నారు.
- సమాచార పుస్తకాల కోసం: 2001 నుంచి ఇస్తున్న సైబర్ట్ మెడల్. కథలంటే ముఖం తిప్పుకునే పిల్లలకు ఇది తలుపు తీస్తుంది, దీన్ని వదలకండి.
- అప్పుడప్పుడే కూడబలుక్కుని చదివేవాళ్ల కోసం: 2006లో మొదలైన గైజెల్ అవార్డు.
- అనువాదాల కోసం: వేరే భాషల నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన పుస్తకాలకు ఇచ్చే బ్యాచెల్డర్ అవార్డు. దీన్ని రచయితకు కాకుండా ప్రచురణకర్తకు ఇస్తారు.
- భారతీయ భాషల కోసం: సాహిత్య అకాడమీ 2010 నుంచి 24 భాషల్లో ఇస్తున్న బాల సాహిత్య పురస్కారం. తెలుగులో చదివే పిల్లలుంటే దీన్ని తప్పకుండా పెట్టండి.
- రచయిత మొత్తం కృషికి: 1956 నుంచి రెండేళ్లకోసారి ఇచ్చే హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డు, స్వీడన్ ప్రభుత్వం 2002లో నెలకొల్పిన ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ స్మారక అవార్డు.

ఒక్క న్యూబెరీతోనే ఏడాది నడపాలని చాలామంది అనుకుంటారు. నేను వద్దంటాను. ఆ మెడల్‌కు అమెరికా పౌరులు, అక్కడ నివసించేవాళ్లు రాసిన పుస్తకాలే అర్హం. అవి ఎంత మంచివైనా, ఏడాదంతా పిల్లలు ఒకే దేశపు బడులు, ఒకే దేశపు వీధులు చూస్తారు. ఒక అనువాద అవార్డు, మీ భాష అవార్డు ఒకటి కలిస్తే జాబితా రంగే మారిపోతుంది.

జాబితా రాసేటప్పుడు తగిలే చిక్కులు నాలుగున్నాయి.

ఒకటి, సంవత్సరం. న్యూబెరీ మీద 2020 అని ఉంటే ఆ పుస్తకం 2019లో వచ్చినది. కార్నెగీకి ఒకప్పుడు ప్రచురణ సంవత్సరాన్నే పతకం సంవత్సరంగా రాసేవారు. 2007 నుంచి పతకం ఇచ్చిన సంవత్సరం రాస్తున్నారు. అందుకే జాబితాలో 2006 కనిపించదు. మీ రూల్స్‌లో ‘సంవత్సరం అంటే అవార్డు ఇచ్చిన సంస్థ రాసుకున్న సంవత్సరమే’ అని ఒక వాక్యం పెట్టండి, గొడవ తీరిపోతుంది.

రెండు, ఖాళీలు. ‘పుట్టిన ఏడాది నుంచి ప్రతి ఏడాదికీ ఒక పుస్తకం’ లాంటి ఆట పెడితే తాతయ్య, అమ్మమ్మల దగ్గర చిక్కు వస్తుంది. కార్నెగీని 1943, 1945, 1966లలో ఎవరికీ ఇవ్వలేదు. అలాంటి ఏడాదికి పక్క ఏడాది పుస్తకం చెల్లుతుందని ముందే రాయండి.

మూడు, మొత్తం కృషికి ఇచ్చే అవార్డులు. ఆండర్సన్, లిండ్‌గ్రెన్ అవార్డులు ఒక పుస్తకానికి వచ్చేవి కావు. బాల సాహిత్య పురస్కారం కూడా కొన్నిసార్లు ఒక పుస్తకానికి కాక రచయిత మొత్తం కృషికి ఇచ్చారు. ఇలాంటి చోట ఆ రచయిత రాసిన ఏ పిల్లల పుస్తకమైనా చెల్లుతుందని రాసుకోండి.

నాలుగు, ‘హానర్’ పుస్తకాలు. న్యూబెరీ, కాల్డెకాట్ మెడళ్లతో పాటు కొన్ని పుస్తకాలను హానర్ పుస్తకాలుగా ప్రకటిస్తారు. అట్ట మీద మెడల్ అయితే బంగారు ముద్ర, హానర్ అయితే వెండి ముద్ర ఉంటుంది. వీటిని నిస్సంకోచంగా లెక్కలోకి తీసుకోండి. పిల్లలకు ప్రాణంగా నచ్చినవి చాలాసార్లు వెండి ముద్ర పుస్తకాలే అని నా అనుభవం. 1971కి ముందు వీటిని ‘రన్నరప్’ అనేవారు కాబట్టి పాత జాబితాల్లో ఆ పేరు కనిపిస్తే కంగారు పడకండి.

3. రూల్స్ ఒక్క పేజీలో రాయండి

ఈ ప్రశ్నలకు అవును, కాదు అన్నట్టుగా జవాబు ఉండాలి. పక్కన నా జవాబు రాస్తున్నాను, మీది వేరుగా ఉండొచ్చు. కానీ ఏదో ఒకటి ఉండాలి.

- పెద్దవాళ్లు చదివి వినిపిస్తే లెక్కేనా? అవును.
- ఆడియో పుస్తకం? అవును, మొత్తం వింటే.
- అనువాదంలో చదివితే? అవును. ఏ భాషలో చదివితే మనసుకెక్కుతుందో ఆ భాషలోనే చదవాలి.
- గతంలో చదివిన పుస్తకం మళ్లీ చదివితే? ఏడాదికి రెండు.
- ఒకే పుస్తకానికి రెండు అవార్డులు వస్తే? ఒకసారే లెక్క, ఏ అవార్డు కిందికి అన్నది చదివినవాళ్ల ఇష్టం.
- పెద్ద జాబితాలో, తుది జాబితాలో మాత్రమే నిలిచిన పుస్తకం? కాదు. లిండ్‌గ్రెన్ అవార్డుకు ఏటా రెండు వందలకు పైగా నామినేషన్లు వస్తాయి. నామినేషన్లను కూడా ఒప్పుకుంటే జాబితాకు హద్దు ఉండదు.
- సగం చదివి వదిలేస్తే? దీనికి నేను సగం లెక్క ఇస్తాను. 50 పేజీలు చదివి, ఎందుకు వదిలేశారో రెండు వాక్యాలు చెబితే చాలు. ఏడాదికి రెండుసార్లు ఈ అవకాశం ఉంటుంది. నచ్చని పుస్తకాన్ని పట్టుకుని నెలంతా ఆగిపోయే పిల్లలు ఎందరో ఉంటారు, ఈ ఒక్క రూల్ వాళ్లను కదిలిస్తుంది.

4. లక్ష్యం మెట్లుగా పెట్టండి

నేను మొదటి ఏడాది అందరికీ 40 పుస్తకాల లక్ష్యం పెట్టాను. నాలుగో నెల వచ్చేసరికి సగం కుటుంబాలు చేతులెత్తేశాయి. వెనకబడినవాళ్లు సిగ్గుపడి అసలు మాట్లాడటమే మానేశారు. తప్పు నాదే, అది కొండంత లక్ష్యం.

ఇప్పుడు మూడు మెట్లు: 6, 12, 24. నెలకు ఒకటి చదివినవాళ్లు రెండో మెట్టుకు హాయిగా చేరతారు. మెట్టు ఎంచుకోవడం వాళ్ల ఇష్టం, మధ్యలో పైకీ కిందికీ మారడం కూడా వాళ్ల ఇష్టమే. కిందికి మారినందుకు ఎవరూ కారణం చెప్పక్కర్లేదు.

బొమ్మల పుస్తకాల సంగతి. అవి చాలావరకు 32 పేజీల్లో ఉంటాయి. ఒక సాయంత్రం కూర్చుంటే నాలుగు అయిపోతాయి. వీటికీ నవలకీ ఒకే లెక్క ఇస్తే అందరూ బొమ్మల పుస్తకాలతోనే మెట్లు ఎక్కేస్తారు. పరిష్కారాలు రెండు. ఏ మెట్టులోనైనా బొమ్మల పుస్తకాలు సగానికి మించకూడదనడం ఒకటి, మూడు బొమ్మల పుస్తకాలు కలిపి ఒకటిగా లెక్కించడం రెండోది. నాకు మొదటిదే ఇష్టం. మూడు కలిస్తే ఒకటి అన్న లెక్కలో బొమ్మల పుస్తకం చిన్నదన్న భావన పిల్లల్లో పడుతుంది, అది మంచిది కాదు. ఏడేళ్ల లోపు పిల్లలకు మాత్రం ఈ పరిమితి పూర్తిగా ఎత్తేయండి.

బొమ్మల పుస్తకం లెక్కలోకి రావాలంటే రెండుసార్లు చూడమని చెప్పండి. మొదటిసారి మాటలతో, రెండోసారి మాటలు చదవకుండా బొమ్మలు మాత్రమే. కథలో చెప్పకుండా బొమ్మలో మాత్రమే ఉన్నది ఏదో ఒకటి పట్టుకుని చెప్పాలి. నాలుగేళ్ల పిల్లలు ఇందులో పెద్దవాళ్లను ఓడిస్తారు. కాల్డెకాట్ పుస్తకాలకు ఇంతకన్నా మంచి పరీక్ష నాకు దొరకలేదు.

పాయింట్లు, ర్యాంకులు పెట్టొచ్చా అని అడుగుతుంటారు. పెట్టకండి. ర్యాంకు పెట్టిన నెలలో పిల్లలు సన్నటి పుస్తకాలు వెతకడం మొదలుపెడతారు.

5. వయసు, విషయం ముందే చూసుకోండి

అవార్డు ముద్ర ఉందంటే ఏ వయసు వాళ్లకైనా ఇవ్వొచ్చని అనుకోవడం పెద్ద పొరపాటు. న్యూబెరీ, కాల్డెకాట్ రెండూ 14 ఏళ్ల వరకు పిల్లల కోసం వచ్చే పుస్తకాలను చూస్తాయి. అంటే పదమూడేళ్ల వాళ్ల కోసం రాసిన నవల మీద ఉన్న ముద్రే, ఆరేళ్ల వాళ్ల పుస్తకం మీద కూడా ఉంటుంది. బొమ్మలున్నాయి కదా అని చిన్నపిల్లల చేతిలో పెట్టేయడానికీ లేదు.

ఇష్టమైన మనిషో, పెంపుడు జంతువో చనిపోయే కథలు, యుద్ధం, ఇల్లు వదిలి వెళ్లిపోవడం లాంటివి ఈ పుస్తకాల్లో తక్కువేం కాదు. వాటిని దాచమని అనడం లేదు. స్ప్రెడ్‌షీట్‌లో ‘ముందు పెద్దవాళ్లు చదవాలి’ అని ఒక గడి పెట్టి, అవసరమైన పుస్తకాల దగ్గర టిక్కు పెట్టండి. ఆ పుస్తకాన్ని పడుకునే ముందు కాకుండా పగటిపూట, మాట్లాడుకునే వీలున్నప్పుడు చదవమనండి.

పాత విజేతల దగ్గర మరింత జాగ్రత్త. కొన్నిటిలో ఇతర జాతుల గురించి ఇప్పుడు చదివితే మనసు నొచ్చుకునే రాతలుంటాయి. ఇలాంటి కారణం వల్లే, ఒక ప్రసిద్ధ రచయిత్రి పేరు మీద ఇస్తున్న అవార్డు పేరును అమెరికాలో 2018లో మార్చారు. 1960ల ముందు పుస్తకాలను మీరో, మీ తోడు నిర్వాహకులో చదివాకే జాబితాలో పెట్టండి. చదివే తీరిక లేకపోతే ఆ ఏడాదికి గత ఇరవై ఏళ్ల పుస్తకాలకే పరిమితం కండి. మొదటిసారికి అదే క్షేమం.

6. పుస్తకాలు దొరుకుతాయో లేదో చూడండి

జాబితా అందరికీ పంపే ముందు చేయాల్సిన పని ఇది. కనీసం సగం పుస్తకాలు మీ లైబ్రరీలో ఉన్నాయా? లేనివాటికి ఈ-బుక్ గానీ ఆడియో గానీ ఉందా? ఎక్కడా దొరకనివి తీసేయండి. కుటుంబాలు తమ దగ్గరున్న పుస్తకాలను ఒకరికొకరు ఇచ్చుకునేలా షీట్‌లో ‘ఎవరి దగ్గర ఉంది’ అన్న గడి కలపండి. పదిహేను కుటుంబాలు తలా నాలుగు పుస్తకాలు తెచ్చినా అరవై అవుతాయి.

7. నమోదు, చదివాక చెప్పడం

నమోదుకు అడగాల్సినవి నాలుగే: పిల్లల ముద్దుపేరు, వయసు, ఎంచుకున్న మెట్టు, ఇంట్లో పెద్దవాళ్ల నంబరు. పిల్లల పూర్తి పేరు, స్కూలు పేరు, ఫొటో వద్దు. ఎవరైనా ఉత్సాహంతో పిల్లల ఫొటో గ్రూప్‌లో పెట్టినా, పుస్తకం అట్ట ఫొటో చాలని మెల్లగా చెప్పండి.

చదివాక చెప్పడానికి మూడు ప్రశ్నలు చాలు:

- ఏ పేజీ దగ్గర ఆగిపోయి ఆలోచించావు?
- ఈ పుస్తకం ఎవరికి ఇస్తావు, ఎందుకు?
- అవార్డు ఇచ్చేవాళ్లలో నువ్వూ ఉంటే దీనికి ఓటేసేవాడివా?

రాయడం ఇష్టం లేని పిల్లలు వాయిస్ మెసేజ్ పెట్టొచ్చు, బొమ్మ గీయొచ్చు. కథ సారాంశం మాత్రం అడగకండి. సారాంశం అడిగారంటే అది హోంవర్క్ అయిపోతుంది.

8. నెలనెలా నడపడం

ప్రతి నెలా ఒక చిన్న సూచన ఇవ్వండి: ఈ నెల అనువాదం, వచ్చే నెల అమ్మానాన్నల చిన్నప్పటి విజేత, ఆ తర్వాత వెండి ముద్ర పుస్తకం. సూచన మాత్రమే, తప్పనిసరి కాదు. నెలాఖరున అరగంట కలవండి, నేరుగా గానీ ఫోన్‌లో గానీ.

మూడో నెలలో, పరీక్షల నెలలో చదువు పడిపోవడం మామూలే. అప్పుడు గ్రూప్‌లో ‘ఎవరెవరు వెనకబడ్డారు’ అని అడగకండి. దాని బదులు మీరు చదువుతున్న పుస్తకంలోంచి ఒక సంగతి చెప్పండి, లేదా ఆ నెలను ‘ఒక్క బొమ్మల పుస్తకం చాలు’ నెలగా ప్రకటించండి. ఏడాదిలో ఒక నెల ఏ సూచనా లేకుండా ఖాళీగా ఉంచడం ఇంకా మంచిది, వెనకబడినవాళ్లు అందుకుంటారు.

9. చివరి నెల: పిల్లలే పతకం ఇవ్వాలి

బ్రిటన్‌లో కార్నెగీ తుది జాబితా రాగానే ఎన్నో స్కూళ్లలో, లైబ్రరీల్లో పిల్లల బృందాలు ఆ పుస్తకాలు చదివి, న్యాయనిర్ణేతలతో సమాంతరంగా తమ తీర్పు తాము చెబుతాయి. మీరు దాన్నే చిన్నగా చేయండి. ఎక్కువమంది చదివిన అయిదు పుస్తకాలు తీసుకోండి. ఒక్కోదాని తరఫున ఒక పిల్లవాడో పిల్లో రెండు నిమిషాలు మాట్లాడాలి. తర్వాత రహస్య ఓటు. పెద్దవాళ్లకు ఓటు లేదు. ఏడాదంతా నోరు విప్పని పిల్లలు కూడా తమ పుస్తకం ఓడిపోతుందంటే లేచి మాట్లాడటం నేను చూశాను.

బహుమతులంటారా, అన్ని మెట్ల వాళ్లకూ ఒకే రకం సర్టిఫికెట్ ఇవ్వండి. దాని మీద ఎన్ని చదివారో రాయకుండా, ఏవి చదివారో పేర్లు రాయండి. ఇంట్లో గోడ మీద ఉండేది ఆ పేర్లే.

తరచూ జరిగే తప్పులు

అట్ట మీద మాట నమ్మేయడం. ‘అవార్డు గెలిచిన రచయిత’ అని ఉంటే ఆ అవార్డు వేరే పుస్తకానికి వచ్చి ఉండొచ్చు. ‘నామినేట్ అయిన’ అంటే గెలవలేదని అర్థం. అధికారిక జాబితాలో పేరు కనిపిస్తేనే షీట్‌లో రాయండి.

మధ్యలో రూల్స్ మార్చడం. సడలించొచ్చు, బిగించకూడదు.

నిర్వాహకులు చదవకపోవడం. లెక్కలు రాసే పనిలో పడి మీరు చదవడం మానేస్తే పిల్లలు వెంటనే పసిగడతారు. మీ పేరు కూడా షీట్‌లో ఉండాలి.

ఇంగ్లీషు పుస్తకాలే గొప్పవన్నట్టు జాబితా తయారవడం. పేరున్న అవార్డులు చాలావరకు ఇంగ్లీషు పుస్తకాలవే కాబట్టి ఇది తెలియకుండానే జరిగిపోతుంది. జాబితా పూర్తయ్యాక భాషల వారీగా ఒకసారి లెక్క వేసుకోండి.

సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవడం

నాలుగో నెల చివర షీట్ తెరిచి ఇవి చూడండి.

- చేరినవాళ్లలో సగానికి పైగా ఆ నెలలో ఒక్కసారైనా ఏదో ఒకటి చెప్పారా? లేకపోతే మెట్టు తగ్గించుకోమని ఒక్కొక్కరికీ విడిగా చెప్పండి, గ్రూప్‌లో కాదు.
- ఎన్ని వేర్వేరు పుస్తకాల పేర్లు వచ్చాయి? అందరూ అవే అయిదారు చదువుతుంటే మిగతావి దొరకడం లేదని అర్థం. ఆరో అంచెకు వెనక్కి వెళ్లండి.
- సగంలో వదిలేసినవి ఎన్ని? ఒకే పుస్తకాన్ని ముగ్గురు వదిలేస్తే వయసు తప్పుగా రాశారేమో చూడండి. ఎవరూ ఏదీ వదలకపోతే, నిజంగా చదువుతున్నారో లేక లెక్క కోసం పేర్లు రాస్తున్నారో ఒకసారి మాటల్లో పెట్టి తెలుసుకోండి.
- ఒక పిల్లవాడు చెప్పిన పుస్తకాన్ని ఇంకో పిల్ల అడిగి తీసుకుందా? నేను అన్నిటికన్నా ముందు చూసేది ఇదే. నెలకు రెండు మూడు సార్లు ఇలా జరుగుతుంటే ఇంకే లెక్కా చూడక్కర్లేదు.

ఏడాది ముగిశాక షీట్‌ను చెరపకండి. దానికి ఒక కాపీ తీసి, ‘ఎవరికి బాగా నచ్చింది, ఏ వయసుకు సరిపోయింది’ అన్న రెండు గడులు నింపి పెట్టుకోండి. కొత్త అవార్డులు ప్రకటించిన రోజున కిందనే కొత్త వరుసలు కలుపుకుంటూ పోతే, వచ్చే ఏడాది సన్నాహం ఒక వారాంతంలో అయిపోతుంది.